రాడార్ బొమ్మలో వాన, మన చేలో వాన

సందేహాలు – సమాధానాలు

మొంథా తుపాను తర్వాత కోనసీమలో ఫోన్ తీసి రాడార్ బొమ్మలు చూసేవాళ్లు బాగా పెరిగినట్టున్నారు. ఈసారి ఉత్తరాలన్నీ వాటి మీదే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేసి, మిగిలినవాటికి జవాబు రాస్తున్నాను.

*

"కార్తీకంలో వరి కోసి పనల మీద ఉంచామండి. మధ్యాహ్నం మా అబ్బాయి ఫోన్లో మచిలీపట్నం రాడార్ బొమ్మ చూసి, మన ఊరి మీద ఎర్రగా ఉంది నాన్నా అన్నాడు. కూలీలకు ఎక్కువిచ్చి చీకటి పడేలోగా కుప్పలు వేయించాను. చినుకు రాలలేదు. వారం తిరక్కుండా ఇంకోరోజు బొమ్మలో లేత నీలం తప్ప ఏమీ లేదు. చేలో మాత్రం పాదం మునిగేంత నీరు నిలిచింది. ఈ బొమ్మను నమ్మాలా, మానాలా?"
– వరి రైతు, కొత్తపేట మండలం

రెండు రోజులూ రాడార్ ఉన్నదే చూపించింది. అది చూసిన చోటు వేరు, మీ పనలున్న చోటు వేరు. అక్కడే తేడా వచ్చింది.

మచిలీపట్నం నుంచి కొత్తపేటకు గీత గీసి కొలిస్తే సుమారు 100 కి.మీ. రాజోలుకు 80 పైచిలుకు, అమలాపురానికి 100 దాటుతుంది. రాడార్ తన కిరణాన్ని నేలబారుగా వదలదు. చెట్లూ మేడలూ అడ్డు రాకుండా కొంచెం పైకెత్తి వదులుతుంది. అర డిగ్రీ ఎత్తినా చాలు, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దూరం పోయేకొద్దీ నేల కిందికి జారిపోతుంది, కిరణం పైకి తేలిపోతుంది. కొత్తపేట చేరేసరికి దాని నడిమధ్య దాదాపు ఒకటిన్నర కి.మీ. ఎత్తున ఉంటుంది. అక్కడికి వెళ్లేసరికి అది సన్నటి గీతగానూ ఉండదు, ఒకటిముప్పావు కి.మీ. మందానికి విచ్చుకుంటుంది. అంటే మీ చేను మీద తాటిచెట్టు ఎత్తులో ఏం జరుగుతోందో ఆ రాడార్‌కు కనిపించదు. ఆ పైన ఆకాశంలో ఉన్నదంతా కలిపి ఒక చుక్కగా చూస్తుంది.

ఇక మొదటి రోజు సంగతి. మీ అబ్బాయి చూసింది బహుశా 'మ్యాక్స్ జెడ్' అనే బొమ్మ అయ్యుంటుంది. అందరూ ముందు తెరిచేది అదే. ఒక చోట నేల దగ్గర్నుంచి మేఘం నెత్తి వరకు వెతికి, ఎక్కడ సంకేతం అన్నిటికంటే బలంగా ఉంటే ఆ అంకెను తెచ్చి బొమ్మలో వేస్తుంది. ఆ బలమైన చోటు అయిదు కి.మీ. పైన ఉన్నా అదే రంగు. మన దగ్గర అయిదు కి.మీ. దరిదాపుల్లో మంచు కరిగి నీరయ్యే పొర ఒకటుంది. పై నుంచి దిగే మంచు రేకలు అక్కడ తడి పట్టి, రాడార్‌కు పెద్ద పెద్ద చినుకుల్లా కనబడతాయి. వెలిసిపోతున్న మేఘంలో కూడా ఈ పొర ఎర్రగా మెరుస్తుంది. కింద గాలి పొడిగా ఉంటే అందులోంచి రాలిన చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరి కాకపోయినా అవి నేరుగా కిందికి రావు. ఒకటిన్నర కి.మీ. నుంచి నేలకు దిగడానికి చినుక్కి మూడు, మూడున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా గంటకు 36 కి.మీ. గాలి ఉంటే రెండు కి.మీ. పక్కకు తోసేస్తుంది. మీ ఊరి మీద కనిపించిన వాన పక్క ఊళ్లో పడొచ్చు.

రెండో రోజు ఇంకా ముఖ్యం. ఈశాన్య రుతుపవనాల్లో సముద్రం మీంచి వచ్చే మేఘాలు చాలాసార్లు పొట్టివి. వాటిలో వాన పుట్టేదీ బలపడేదీ కిందిభాగంలోనే. కిరణం వాటి పైభాగాన్ని మాత్రమే రాసుకుంటూ పోతుంది. పైగా ఆ వాన సన్న చినుకుల వాన. రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం చినుకు అడ్డుకొలతను ఆరుసార్లు హెచ్చవేసినంతగా మారుతుంది. 2 మి.మీ. చినుకు ఒక్కటి తిప్పి పంపే సంకేతాన్ని పంపాలంటే 1 మి.మీ. చినుకులు 64 కావాలి. ఆ 64 చినుకుల్లో ఉన్న నీరు మాత్రం పెద్ద చినుకులో ఉన్నదానికి 8 రెట్లు. అందుకే లావు చినుకుల గాలివాన బొమ్మలో భయపెడుతుంది, గంటల తరబడి పట్టే ముసురు అమాయకంగా లేత రంగులో ఉంటుంది, చేను ముంచేది ఈ రెండోదే.

రంగుల పక్కన ఉండే అంకెలు డీబీజెడ్‌లు. మామూలుగా వాడే లెక్క ప్రకారం 23 దగ్గర గంటకు ఒక మిల్లీమీటరు, 40 దగ్గర 11, 12 మి.మీ., 50 దగ్గర 50కి కాస్త తక్కువ. ఈ లెక్క అన్ని వానలకూ ఒకేలా సరిపోదని ఇప్పుడే చెప్పుకున్నాం. కాబట్టి మ్యాక్స్ జెడ్‌తో ఆగకుండా ఎస్ఆర్ఐ అని ఉండే బొమ్మ కూడా తెరవండి. నేల మీద పడే వాన జోరును అంచనా కట్టేది అది. గంట, రెండు గంటలుగా ఆ రంగు మీ ఊరి మీద నుంచి కదలకుండా ఉంటే, లేతదైనా సరే, చేలోని నీటికి దారి తియ్యండి.

కుప్పలకు పెట్టిన ఖర్చు గురించి నా మాట ఒకటి. పనల మీద ధాన్యం ఉన్నప్పుడు, అనుమానం వస్తే కుప్ప వేయించడమే సరైన పని. వాన రాకపోతే పోయేది కూలి. వస్తే మొలకెత్తేది ఆరుగాలం కష్టం.

*

"డాప్లర్ రాడార్ అంటే మామూలు రాడార్ కంటే గొప్పదని మా సారు చెప్పారు. గాలి కంటికే కనపడదు కదా, వందల కిలోమీటర్ల అవతల గాలి ఎంత వేగంగా వీస్తోందో దానికెలా తెలుస్తుంది?"
– ఇంటర్ విద్యార్థిని, అమలాపురం

గాలి దానికీ కనబడదమ్మా. గాలిలో కొట్టుకుపోయే చినుకులు కనబడతాయి.

రావులపాలెం హైవే పక్కన నిలబడి ఉన్నప్పుడు 108 అంబులెన్సు వస్తే గమనించు. దగ్గరికొచ్చేంతసేపు సైరన్ కీచుగా ఉంటుంది, నిన్ను దాటిన క్షణాన గొంతు దిగిపోతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రం ఇదే. శబ్దానికే కాదు, రేడియో తరంగాలకూ ఇదే వర్తిస్తుంది. మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు ఎస్ బ్యాండ్‌వి, వాటి తరంగం పొడవు సుమారు 10 సెం.మీ. సెకనుకు కొన్ని వందల చొప్పున చిన్న చిన్న స్పందనాలు పంపుతాయి. ఒక స్పందనం వెళ్లి తిరిగొచ్చేసరికి, తరవాతది వెళ్లి తిరిగొచ్చేసరికి మధ్యలో చినుకు రవ్వంత జరిగి ఉంటుంది. ఆ రవ్వంత తేడాను తరంగాల దశలో పట్టుకుని వేగం లెక్క కడుతుంది. రాడార్ వైపు వస్తే ఋణ సంఖ్య, దూరంగా పోతే ధన సంఖ్య.

మీ సారు చెప్పకుండా వదిలిన విషయం ఒకటుంటుంది, అది నువ్వు తప్పక తెలుసుకోవాలి. రాడార్‌కు తెలిసేది తన వైపు వచ్చే వేగం, తన నుంచి పోయే వేగం మాత్రమే. అడ్డంగా పోయే గాలి ఎంత బలమైనదైనా సున్నాగా కనిపిస్తుంది. ఇప్పుడు పటం ముందేసుకో. మచిలీపట్నానికి కోనసీమ తూర్పు–ఈశాన్యంలో ఉంది. విశాఖకు నైరుతిలో ఉంది. రెండు రాడార్లూ మన వైపు తీరం వెంబడే చూస్తాయి. ఈశాన్య గాలి మన మీదుగా వీచి మచిలీపట్నం వైపు పోతుంది కాబట్టి ఆ రాడార్‌కు చక్కగా తెలుస్తుంది. సముద్రం మీంచి ఆగ్నేయం నుంచి ఓడలరేవు ఒడ్డుకు వచ్చి కొట్టే గాలి మాత్రం రెండింటి చూపుకూ అడ్డంగా పోతుంది. మనకు ఎక్కువ నష్టం చేసే గాలి అది. నిపుణులు ఒక్క చుక్క మీద అంకెను నమ్ముకోరు. రాడార్ చుట్టూ అన్ని దిక్కుల్లో వేగాలు ఎలా మారుతున్నాయో చూసి, మొత్తం గాలి తీరును గణితంతో రాబడతారు. ఫోన్లో వేగం బొమ్మ తెరిచి, మన ఊరి మీద సున్నా ఉంది, గాలి లేదు అనుకుంటే పొరపాటు.

ఇంకో చిక్కు కూడా ఉంది, భౌతికశాస్త్రం ఇష్టమైతే నోట్సులో రాసుకో. సెకనుకు 600 స్పందనాలు పంపితే 250 కి.మీ. దూరం వరకు గందరగోళం లేకుండా చూడొచ్చు. కానీ అప్పుడు సెకనుకు 15 మీటర్ల వేగం దాటితే ప్లస్సు మైనస్సుగా, మైనస్సు ప్లస్సుగా తిరగబడుతుంది. స్పందనాల సంఖ్య పెంచితే వేగం హద్దు పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. తుపాను గాలి గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 28 మీటర్లు. అందుకే రెండు రకాల లయల్లో స్పందనాలు మార్చి మార్చి పంపి, వచ్చిన రెండు జవాబులను పోల్చి అసలు వేగం తేలుస్తారు.

*

"1996 నవంబరు 6 రాత్రి మా వాళ్లు వేటకెళ్లి ఉన్నారు. తిరిగి రాలేదు. అప్పుడు ఈ రాడార్లు లేవా? ఇప్పుడు అలాంటి తుపాను వస్తే ముందే తెలుస్తుందా?"
– మత్స్యకార కుటుంబం, కాట్రేనికోన మండలం

ఆ రాత్రి కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు మొదళ్లతో సహా ఒరిగిపోయాయి. మీ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నేను చేయగలిగింది.

రాడార్లు అప్పుడూ ఉన్నాయి. దేశంలో మొదటి తుపాను రాడార్‌ను 1970లో విశాఖపట్నంలోనే పెట్టారు. 1996 నాటికి మచిలీపట్నంలోనూ ఒకటి ఉంది. కానీ అవి పాతకాలం యంత్రాలు. మేఘం ఉందనే చెప్పగలవు, అందులో గాలి ఎంతో చెప్పలేవు. తెర మీద కనిపించిన వలయాన్ని మనిషే చూసి, కేంద్రం ఎక్కడుందో అంచనా కట్టి కబురు చేయాలి. ఆ తుపాను విస్తీర్ణంలో చిన్నది, తీరానికి చేరువలో గట్టిపడింది. అన్నిటికంటే పెద్ద లోటు, సముద్రంలో ఉన్న పడవకు కబురు అందే దారి లేకపోవడం. ఒడ్డున హెచ్చరిక ఉన్నా వలేసి ఉన్న మనిషికి అది చేరే సాధనం ఆనాడు లేదు.

డాప్లర్ రాడార్లు మన తూర్పు తీరానికి 2002లో చెన్నైతో మొదలయ్యాయి. ఆ దశకంలోనే మచిలీపట్నం, విశాఖపట్నాలకు వచ్చాయి. ఇప్పుడు పది నిమిషాలకో బొమ్మ వస్తుంది. తుపాను కన్ను ఎక్కడుంది, దాని చుట్టూ మేఘాల గోడ ఎంత గట్టిగా ఉంది, వాన పట్టీలు ముందు ఎవరి మీదికి వస్తాయి అన్నది గంట గంటకూ తెలుస్తుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ మీ కాట్రేనికోన–యానాం ప్రాంతంలోనే ఒడ్డెక్కింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. రెండింటికీ జనాన్ని ముందుగానే కదిలించగలిగారు.

అయినా రాడార్ ఒక్కదాని మీదే ప్రాణం పెట్టుకోవద్దు. దాని చూపు సముద్రంలోకి 250 కి.మీ. వరకు బాగుంటుంది, ఆ తర్వాత పలచబడుతుంది. తుపాను నడక గంటకు 15 కి.మీ. అనుకుంటే, రాడార్ అందుకునేసరికి ఒడ్డుకు 16, 17 గంటల దూరంలో ఉన్నట్టు. లోతుకు వెళ్లిన పడవ వెనక్కి రావడానికి అది చాలకపోవచ్చు. రెండు మూడు రోజుల ముందు చెప్పేవి ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు. వేటకు వెళ్లొద్దన్న మాట వాటి ఆధారంగానే వస్తుంది. ఆకాశం తేటగా ఉన్నా ఆ మాట వినండి. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందన్నది రాడార్‌కు అసలే తెలియదు. అది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ లెక్క కట్టి చెబుతుంది.

యంత్రం కూడా తుపానుకు లోబడినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కైలాసగిరి మీది రాడార్ దెబ్బతింది. ఒక రాడార్ ఆగిపోతే పక్కది చూస్తుంది. కానీ విశాఖ నుంచి అమలాపురం 190 కి.మీ. దాని కిరణం మన మీదికి వచ్చేసరికి మూడున్నర కి.మీ. పైనే ఉంటుంది. మచిలీపట్నం రాడార్ మూగబోయిన రోజున కోనసీమ కింది ఆకాశాన్ని చూసే కన్ను ఇంకొకటి లేదు.

ఇంట్లో పిల్లలందరికీ ఈ ఒక్కటి నేర్పండి. తుపాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి చచ్చిపోతుంది, వాన ఆగుతుంది, చుక్కలు కూడా కనిపించవచ్చు. అది అయిపోవడం కాదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి కొడుతుంది. ఆ సందులో రేకులు సర్దుకోవడానికో, పడవ చూసుకోవడానికో బయటికి వచ్చినవాళ్లే చిక్కుకుంటారు. అధికారులు చెప్పేవరకు షెల్టర్ దిగొద్దు.

*

"మాఘమాసంలో తెల్లవారుజామున ఆకాశం నిర్మలంగా ఉంటుంది. రాడార్ బొమ్మలో మాత్రం సముద్రం మీద మచ్చలు మచ్చలుగా రంగులు. ఒకరోజు మధ్య నుంచి తూర్పుకు గీత గీసినట్టు ఉంది. ఏమిటవి?"
– గృహిణి, రాజోలు

గీత సూర్యుడిది. సూర్యుడి నుంచి కూడా రేడియో తరంగాలు వస్తాయి. ఉదయం, సాయంత్రం సూర్యుడు నేల అంచున ఉన్నప్పుడు రాడార్ పళ్లెం సరిగ్గా అటు తిరిగితే ఆ దిక్కులో ఒక సన్నటి చార పడుతుంది. యంత్రం పళ్లెం సరైన దిక్కునే చూస్తోందా అని సరిచూసుకోవడానికి ఇంజనీర్లు దీన్ని వాడుకుంటారు.

మచ్చలకు కారణం వేరు. చలి రాత్రుల్లో నేలనూ సముద్రాన్నీ ఆనుకుని ఉన్న గాలి ఒక రకంగా, దాని పైన వెచ్చటి పొడి గాలి ఇంకో రకంగా ఉంటాయి. ఆ సందులో కిరణం పైకి పోకుండా కిందికి వంగి, అలలను తాకి తిరిగొస్తుంది. వానకైతే ఒక నడక ఉంటుంది. ఈ మచ్చలు ఉన్నచోటే ఉండి మినుకుమంటాయి, ఎండెక్కగానే పోతాయి. పక్షుల గుంపులు, పురుగులు కూడా కనబడతాయి. ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూడండి. మేఘం లేని చోట రంగుంటే అది వాన కాదు.

*

"మాది లంక. గోదావరి వస్తే ముందు మునిగేది మేమే. రాడార్ చూసి వరద చెప్పొచ్చా?"
– పి.గన్నవరం మండలం

చెప్పలేం. మీ ఇంటి ముందుకు వచ్చే నీరు కోనసీమలో కురిసింది కాదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల్లో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి నదుల్లో పడి వచ్చింది. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు, వరద ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఎండ కూడా కాసింది. మీరు చూడాల్సింది భద్రాచలం నీటిమట్టం. అక్కడ 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. అక్కడి పోటు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. మీ లంకకు నీరెక్కేది ఎన్నో అడుగు దగ్గరో మీ పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. ఆ అంకెను ఇంటి గోడ మీద రాసి పెట్టుకోండి.

*

"రొయ్యల చెరువులున్నాయి. ఎండాకాలం సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన, వెంటనే కరెంటు పోవడం. గంట ముందు తెలిసినా జనరేటరు సిద్ధం చేసుకుంటాం. బొమ్మ చూసి వాన మా మీదికి వస్తుందో లేదో తెలుసుకోవడం ఎలా?"
– ఆక్వా రైతు, ఉప్పలగుప్తం మండలం

రాడార్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి పనికే. ముందు గడియారం సరిచేసుకోండి. బొమ్మ మీద యూటీసీ అని ఉంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. 09:42 అని ఉంటే మనకు మధ్యాహ్నం 3:12. చాలామంది పొద్దుటి బొమ్మ అనుకుని వదిలేస్తారు.

తర్వాత ఒక్క బొమ్మతో తీర్పు చెప్పకండి, పది నిమిషాల తేడాతో మూడు చూడండి. వేసవిలో ఇవి చాలావరకు వాయవ్యం నుంచి, ఏజెన్సీ కొండల వైపు నుంచి దిగుతాయి. రాజమహేంద్రవరం దగ్గర ఉన్న ఎర్రటి ముద్ద ఇరవై నిమిషాల్లో పది కి.మీ. జరిగిందనుకోండి, గంటకు 30 కి.మీ. నడక. అక్కడి నుంచి మీకు 60 కి.మీ. లోపే కాబట్టి, దిక్కు మారకపోతే మీకు రెండు గంటలు లేదా కాస్త తక్కువ సమయం ఉంది. మొదటి బొమ్మలోని ముద్ద నడిమి నుంచి మూడో బొమ్మలోని నడిమికి వేలు పెట్టి గీత లాగితే ఎటు పోతోందో తేలిపోతుంది.

ఇక్కడో హెచ్చరిక. ఒక్కో ఉరుముల మేఘం ఆయుష్షు అరగంట నుంచి గంట. మీరు చూసింది దారిలో చచ్చిపోయి, దాని నుంచి కిందికి దిగిన చల్లగాలి ముందుకు తోసుకొచ్చి, సముద్రపు గాలిని ఎదుర్కొన్న చోట కొత్తది లేవవచ్చు. అది మీ చెరువు మీదే లేస్తే మీకు దొరికే సమయం ఇరవై నిమిషాలు. ఏప్రిల్, మే నెలల్లో కొబ్బరితోటల మీదికి నాలుగింటప్పుడు హఠాత్తుగా చల్లగాలి తిరిగి, పడమట నల్లగా కమ్మితే, బొమ్మ కోసం ఆగకుండా జనరేటరు దగ్గరికి వెళ్లండి. వాతావరణ శాఖ మూడు గంటలకు సరిపడా జిల్లాల వారీగా ఇచ్చే నౌకాస్ట్ కూడా చూస్తుండండి.

పిడుగు రాడార్‌లో కనబడదు. దానికి వేరే సెన్సార్ల వ్యవస్థ ఉంది. పూణే సంస్థ తయారుచేసిన దామిని యాప్, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపే మెసేజీలు అలాంటి సెన్సార్ల ఆధారంగా వస్తాయి. ఉరుము వినబడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నారని లెక్క. గట్టు మీద ఉన్నవాళ్లను పక్కా కప్పు కిందికి పంపండి, కొబ్బరిచెట్టు కిందికి కాదు. పక్క తోటలో దింపు జరుగుతుంటే వాళ్లకూ కేకేయండి.

*

"కోనసీమకే ఒక రాడార్ పెట్టించలేరా?"
– ఇదే ప్రశ్న అంబాజీపేట, మలికిపురం, ముమ్మిడివరం నుంచి

పెట్టాలనే నా అభిప్రాయం. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. రాడార్ల సంఖ్య పెంచడం అందులో ముఖ్యమైన పని. 10 సెం.మీ. తరంగపు పెద్ద రాడారే రావాలని లేదు. 3 సెం.మీ. తరంగంతో పనిచేసే ఎక్స్ బ్యాండ్ చిన్న రాడార్లు ఉన్నాయి. హిమాలయాల్లో కుఫ్రీ, ముక్తేశ్వర్‌లలో 2021 నుంచి అవే పనిచేస్తున్నాయి. భారీ వానలో వాటి కిరణం నీరసపడుతుంది, చూపు దూరం కూడా తక్కువ. ఆ లోపం ఒప్పుకున్నా, అమలాపురం దరిదాపుల్లో అలాంటిది ఉంటే నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే వాన కనబడుతుంది. సముద్రం మీంచి నేరుగా వచ్చే ఆగ్నేయపు గాలి, రెండు పెద్ద రాడార్లకూ అడ్డం పడేది, దీనికి ఎదురుగా వస్తుంది కాబట్టి కొలతకు దొరుకుతుంది. వరి, కొబ్బరి, చెరువులు, వేట ఇన్ని బతుకులు వాన మీద ఆధారపడ్డ నేలకు ఇది ఎక్కువ కోరిక కాదు. పంచాయతీ తీర్మానాల్లో ఈ కారణాలు రాసి పంపండి.

*

"మా బడిలో వానకొలత పెట్టాలనుకుంటున్నాం. రాడార్ ఉండగా దాని అవసరం ఉందా? ఎక్కడ పెట్టాలి?"
– ఉపాధ్యాయుడు, మామిడికుదురు

తప్పకుండా ఉంది. రాడార్ చెప్పేది అంచనా, గిన్నెలో పడ్డదే కొలత. రాడార్ లెక్కలను దిద్దుకునేది కూడా నేల మీది వానకొలతలతోనే.

చోటు ఎంచడమే మన ప్రాంతంలో కష్టం. చెట్టు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరంలో ఉండాలి. కొబ్బరితోట పక్కన బడి అయితే ఆ ఖాళీ దొరకదు. ఆటస్థలం నడుమనో, వరిచేను వైపు గట్టు మీదో పెట్టండి. మేడ మీద వద్దు, అక్కడ గాలి సుడి తిరిగి చినుకులను పక్కకు ఊడ్చేస్తుంది. గిన్నె అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున, ఏ పక్కకూ వాలకుండా ఉండాలి.

కొలవాల్సింది రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు. వాతావరణ శాఖ రోజు లెక్క అప్పటికి ముగుస్తుంది కాబట్టి, మీ అంకెను వాళ్ల అంకెతో పోల్చుకోవచ్చు. ఆ 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి: ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? నాలుగు వేలు పైచిలుకు వస్తుంది. ఆ తర్వాత 64.5తో హెచ్చవేయమనండి. తమ ఊరి మురుగుకాలవ అంత నీటిని ఎన్ని గంటల్లో లాగుతుందో వాళ్లే అడుగుతారు.

అదే రోజు రాడార్ ఇచ్చిన 24 గంటల వాన బొమ్మ చూసి, మామిడికుదురు మీద అది చెప్పిన అంకెను మీ అంకె పక్కన రాయించండి. ఒక సార్వా కాలం రాస్తే చాలు, మీ ఊరి మీద రాడార్ ఏ రకం వానను తక్కువ చూపిస్తుందో, దేన్ని ఎక్కువ చూపిస్తుందో తేలుతుంది. ఊళ్లో రైతులకు నేను చెప్పేదానికంటే ఆ పుస్తకం ఎక్కువ ఉపయోగపడుతుంది. వాన పడని రోజు సున్నా వేయించడం మరచిపోవద్దు. గడి ఖాళీగా వదిలేస్తే అది వాన లేని రోజో, కొలవని రోజో తర్వాత చూసేవాళ్లకు తెలియదు.